పోలమ్మ మిద్దె మీద జెండా

నేను ఒక జెండాను. మూడు రంగులూ నడుమ చక్రమూ ఉన్న జెండానే. అయితే కోటల మీదా కచేరీల మీదా ఎగిరే పెద్ద జాతి కాదు నాది. ఇంటి జెండాను. ఒక మనిషి రెండు చేతులూ బార్లా చాపితే అందులో ఇమిడిపోయేంత గుడ్డను. ఏడాదిలో రెండే రోజులు నావి, ఒకటి ఆగస్టులో, ఒకటి జనవరిలో. మిగతా రోజులన్నీ మడతలోనే గడుస్తాయి.

మడతలో ఉన్నాను కదా అని నిద్రపోతున్నాననుకోకండి. చీరలు నిద్రపోతాయి, దుప్పట్లు నిద్రపోతాయి. పంచెలైతే గురక పెడతాయేమో అన్నంత హాయిగా పడుంటాయి. నాకు ఆ యోగం లేదు. గాలి కోసం చేసిన గుడ్డను నేను. బీరువా తలుపు సందులోంచి కాస్త ఊపిరి తగిలినా అంచులు జివ్వుమంటాయి. ఎవరైనా తాళం తీస్తున్న చప్పుడైతే, ఈరోజేనేమో అనుకుంటాను. వాళ్లు పక్కనున్న పట్టుచీర తీసుకుని తలుపు మూసేస్తారు. మళ్లీ చీకటి, మళ్లీ ఎదురుచూపు.

నూలు వడికింది ఒక ఊళ్లో, రంగు వేసింది ఇంకో ఊళ్లో. కుట్టింది వేరే ఊళ్లో, పొడుగాటి రేకుల షెడ్డులో. అక్కడ ఆడవాళ్లు వరసగా మిషన్ల ముందు కూర్చుని ఇంటి సంగతులు చెప్పుకుంటూ కుట్టేవారు. నా కాషాయాన్నీ తెలుపునీ కలిపి కుడుతున్నప్పుడు ఒకామె తన అత్తగారిని తిడుతోంది. తెలుపునీ ఆకుపచ్చనీ కలిపే వేళకి ఆ అత్తగారికే జ్వరమని బెంగపడుతోంది. కుట్టు మాత్రం రెండుసార్లూ ఒక్కలాగే పడింది. మనుషుల మీద నాకున్న మొదటి ఆశ్చర్యం అదే.

అక్కణ్ణించి ఖద్దరు కొట్టుకి వచ్చాను. అది సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న పట్నం. పేరు చెప్పను. అద్దాల బీరువాలో లుంగీలకీ తేనె సీసాలకీ మధ్య కూర్చుని నెలలు గడిపాను. జనం తేనె వాసన చూసేవాళ్లు, లుంగీ బిగువు చూసేవాళ్లు. నా వంక చూడాలంటే ఆగస్టు రావాలి.

ఆ ఏడాది ఆగస్టులో రామబ్రహ్మంగారు వచ్చారు. ఊళ్లో ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు. వాళ్ల కాలనీ సంఘానికి అధ్యక్షుడు కూడా. ఎవరింటి మీదయినా జెండా ఎగరేసుకోవచ్చని పేపర్లో చదివి, ఆ ఉదయమే బయల్దేరి వచ్చారు. కొట్టతను నన్ను విప్పి చూపించగానే ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. నేను చెప్పబోయే కథలో ఆయన చేసింది మంచి పని కాదు. అయినా ఆ చెమ్మ నిజం. అది నేను చూశాను.

రైలు గేటు అవతల తెల్ల గేటున్న మేడ ఆయనది. మేడ మీద ఇనప గొట్టం పాతించి నన్ను ఎగరేశారు. కాలనీ అంతా వచ్చింది. ఆయన ఉపన్యాసమిచ్చారు, ఫొటో తీయించుకున్నారు, అందరికీ మిఠాయి పంచారు. తర్వాత అందరూ కిందికి దిగి భోజనాల్లో పడ్డారు. నన్ను మరిచిపోయారు. సూర్యుడు వాలుతుండగా ఒక్క మనిషి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. ఆయన భార్య ఇందుమతి. తడిచేతులు చీరకి తుడుచుకుని, తాడు విప్పి, నన్ను కింద పడనీయకుండా భుజం మీదికి దించుకుంది. నన్ను ఎగరేసింది ఎప్పుడూ ఆయనే. దించింది ఎప్పుడూ ఆవిడే.

ఇంకో ఏడాది గాలివానకి నా ఆకుపచ్చ అంచు చిరిగింది. ఆవిడే కుట్టింది. పచ్చదారం దొరక్క ముదురు నీలం దారంతో కుట్టి, "ఎవరు చూస్తారులే అంత దగ్గరగా" అని తనలో తనే అనుకుంది.

తర్వాత సంఘం వాళ్లు పార్కులో పెద్ద స్తంభం పాతించారు. దాని మీదికి నాకు నాలుగింతలున్న జెండా వచ్చింది. రామబ్రహ్మంగారి ఉపన్యాసం అక్కడికి మారింది. ఇంటి మీద గొట్టానికి కేబుల్ టీవీ తీగ కట్టారు. నేను బీరువా అడుగు అరలోకి వెళ్లాను. ఆగస్టులు వచ్చి పోతున్నట్టు పార్కు మైకు చప్పుడుని బట్టి తెలిసేది. ఆ మైకు మోగినప్పుడల్లా మడతల్లోనే గిలగిల్లాడేదాన్ని. ఎవరూ రాలేదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం వీధిలోంచి కేక వినిపించింది.

"పాత బట్టలకు స్టీలు సామాన్లేయ్! గిన్నెలు, తపేలాలు, డబ్బాలేయ్!"

ఆ కేక నాంచారమ్మది. నెత్తిమీద గంపలో తళతళలాడే గిన్నెలు, భుజాన పాత బట్టల మూట. పట్నం చివర కొత్తగా కట్టిన ప్రభుత్వ కాలనీలో ఉంటుంది. ఎరుకల వాళ్లు. భర్త బాలంకయ్య స్లాబులకి సెంట్రింగ్ పనిమీద హైదరాబాదు వెళ్తే రెండు మూడు నెలలకి గాని రాడు. ఇంటి దగ్గర అత్త పోలమ్మ.

ఇందుమతి బీరువా ఖాళీ చేసి బట్టలన్నీ వరండాలో పోసింది. ఆ కుప్పలో నేనూ ఉన్నాను, ఒక సఫారీ సూటు కింద. ఆవిడ మనసు పెద్ద మూత గిన్నె మీద పడింది. నాంచారమ్మ బట్టలన్నీ ఒక్కొక్కటే విప్పి, వెలుతురుకి పట్టి చూసి, పెదవి విరిచింది.

"ఆ గిన్నెకి ఇయ్యి చాలవమ్మా. ఇంకో గట్టి గుడ్డ ఏదన్నా ఉంటే చూడు."

ఇందుమతి కుప్పలో చెయ్యిపెట్టి నన్ను లాగింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత బట్టల మీద వేసేసింది.

"ఇది చూడు. అసలైన ఖద్దరు."

నాంచారమ్మ నన్ను ముట్టుకోలేదు. వెనక్కి జరిగింది.

"ఏందమ్మా ఇది, జెండా గదా! దీన్ని నేనేం జేసుకునేది? మా బట్టలన్నీ మసిగుడ్డలకి పోతయ్యి. దీన్ని మసిగుడ్డకి ఎయ్యమంటావా?"

ఇందుమతి ముఖం ఎర్రబడింది. తప్పించుకోవడానికన్నట్టు నవ్వేసింది. "అయితే నువ్వే ఎగరేసుకో. ఇక్కడ ఎలాగూ ఎగరేసేవాళ్లు లేరు" అంది.

నాంచారమ్మ మళ్లీ దగ్గరికి జరిగింది. గిన్నె దించి ఇచ్చింది. మిగతా బట్టలన్నీ మూటలో కుక్కి, నన్ను మాత్రం విడిగా మడిచి, అన్నం సంచీలో టిఫిన్ డబ్బా పైన పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం పట్నమంతా ఆమె భుజాన తిరిగాను. పచ్చడి వాసన, ఎండ వాసన, సంచీ మూతిలోంచి వేడిగాలి. బీరువా కంటే వెయ్యి రెట్లు నయమనిపించింది.

పోలమ్మకి చూపు తగ్గింది గాని వేళ్లకి మంచి తెలివి. నన్ను ఒళ్లో పరుచుకుని అంచు నుంచి అంచుకి తడిమింది.

"జెండానా?" అంది.

"ఆ."

"మనకా?"

"మనకే అత్తా. ఒక అమ్మగారు ఎగరేసుకోమంది."

ముసలామె నన్ను తనే మడిచి ఒళ్లో పెట్టుకుంది. ఇక అప్పటి నుంచి ఆగస్టు దాకా నోరు మూయలేదు. వెదురు తెచ్చావా, తాడు తెచ్చావా, ఆ పూట కూర ఏం జేస్తావు, ఎవుర్ని పిలుస్తావు. ఇల్లు ఆమె పేరునే మంజూరైంది. స్లాబు ఆరి ఇంకా ఏడాది కాలేదు. ఆమె పుట్టిన తర్వాత పైన గట్టి కప్పున్న ఇల్లు అదే మొదలు. మెట్లకి చేతిగోడ కూడా కట్టించలేదింకా. ఆ రోజు పొద్దున కోడలు వెనక నుంచి పట్టుకుంటే ఒక్కో మెట్టూ ఎక్కింది. తాడు తనే లాగింది. సగం దాకా వెళ్లి ఇరుక్కున్నాను. "రా తల్లీ, రా" అంటూ మళ్లీ లాగింది. పైకెళ్లాను.

ఎన్నాళ్ల గాలి! సముద్రం మీంచి ఒక్క ఊపున వచ్చింది. బీరువాలో దాచుకున్న ఆ ఏళ్ల గిలగిలంతా ఒక్కసారిగా విదిల్చుకున్నాను. కాలనీలో మిద్దెలన్నీ కనిపించాయి, ఆరేసిన వలలు కనిపించాయి, దూరాన నీళ్ల గీత కనిపించింది. ఆ కాలనీలో ఆరోజు జెండా ఉన్న ఇల్లు అదొక్కటే. ఇరుగుపొరుగు వాళ్లు చంటిపిల్లల్ని చంకనేసుకుని వచ్చి చూసిపోయారు. నాంచారమ్మ బెల్లం పొంగలి చేసి అందరికీ ఆకుల్లో పెట్టింది.

ఆ కాలనీ పక్కన ఒక బడి ఉంది. ఆ ఏడు అక్కడ జెండా పండగకి ముఖ్య అతిథిగా పిలిచింది రామబ్రహ్మంగారినే. పార్కులో తన పని ముగించుకుని, జేబుకి కాగితం జెండా గుచ్చుకుని, తెల్లబట్టల్లో వచ్చారు. బడి మైదానంలోంచి తలెత్తితే నేను కనిపించాను. ఆయనకి చాలా ఆనందమైంది. "ఇంత చిన్న ఇంటి మీద కూడా జెండా! ఆ ఇంటివాళ్లని నేను స్వయంగా అభినందించాలి" అని, నలుగురిని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

నాంచారమ్మ ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఆమె ఆ వీధికి వెళ్లేది మగవాళ్లు ఇంట్లో లేని వేళ. ఆయన చేతులు జోడించి పోలమ్మకి నమస్కారం పెట్టారు. ముసలామె కంగారుపడి తనూ పెట్టింది. ఒక కుర్చీ తెచ్చారు, ఆకులో పొంగలి తెచ్చారు. ఆయన నోరు తెరిచి ఏదో మంచిమాట చెప్పబోయారు.

సరిగ్గా అప్పుడే గాలి మళ్లింది. వెదురు పొట్టిది కావడంతో నా ఆకుపచ్చ అంచు వెళ్లి ఆయన కళ్ల ముందు రెపరెపలాడింది. నీలం దారం.

ఆయన అంచు పట్టుకున్నారు. చూశారు. ముఖంలో రంగు మారింది.

"ఈ జెండా మీకెక్కడిది?"

"ఒక అమ్మగారు ఇచ్చిందయ్యా."

"ఏ అమ్మగారు?"

"రైలు గేటు అవతల. తెల్ల గేటు మేడ."

"అది మా ఇల్లు" అన్నారాయన. పొంగలి ఆకు గోడమీద పెట్టేశారు. "మా ఇంట్లో ఎవరూ జెండాలు దానం చెయ్యరు."

అంతే, కిందికి దిగిపోయారు. వెంట వచ్చినవాళ్లు ఒకసారి నా వంక, ఒకసారి నాంచారమ్మ వంక చూశారు. నా వంక చూసిన చూపులో భక్తి ఉంది. ఆమె వంక చూసిన చూపు గురించి చెప్పను. మెట్ల మీద దిగుతూ ఒకాయన అన్న మాట మాత్రం పైదాకా వినిపించింది. "వీళ్ల సంగతి తెలిసిందే కదండీ."

నాకు నోరుంటే ఆ వాక్యం నడిమెట్టు దాటేది కాదు. మూత గిన్నె సంగతి చెప్పేదాన్ని. సఫారీ సూటు సంగతి చెప్పేదాన్ని. నాకున్నదల్లా రెపరెపే. దాన్ని మనుషులు ఆనందం అనుకుంటారు.

పొద్దు ఇంకా వాలకముందే హెడ్ కానిస్టేబులు, ఒక కానిస్టేబులు వచ్చారు. మోటారు సైకిలు వాకిట్లో ఆగిన చప్పుడికి పోలమ్మ తల తిప్పింది. అరుగు మీద కూర్చున్న మనిషి, ఖాకీ రంగు మసగ్గా కంటపడగానే, గోడ పట్టుకుని నిలువునా లేచింది. చేతులు రెండూ పక్కలకి అతుక్కుపోయాయి.

"కొండడి కూతురు పోలి, హాజరయ్యా" అంది.

హెడ్డుకి అర్థం కాలేదు. నాంచారమ్మకి అర్థమైంది. తెల్లదొరల కాలంలో వాళ్ల కులాన్నంతా పుట్టుకతోనే దొంగల కింద కట్టేశారు. ఒక చోటికి చేర్చి కంచె వేసి సెటిల్మెంటన్నారు. పొద్దునా సాయంత్రం పోలీసు ముందు నిలబడి హాజరు పలకాలి. పొరుగూరు వెళ్లాలంటే చీటీ కావాలి. పోలమ్మ చిన్నతనమంతా ఆ కంచెలోపలే గడిచింది. తర్వాత రాజ్యం మారింది, చట్టం మారింది. ఆమె కాళ్లు మాత్రం ఇంకా మారలేదు.

"అత్తా, కూసో. ఎవురూ పిలవలా" అంది నాంచారమ్మ. భుజం పట్టి కూర్చోబెట్టింది.

హెడ్డు మిద్దెక్కి నన్ను దించాడు. ఎంత జాగ్రత్తగా దించాడంటే, బూట్లు విప్పి మరీ దించాడు. మడిచి రెండు చేతుల్లో పట్టుకున్నాడు. నాంచారమ్మని "నడువ్" అన్నాడు.

స్టేషన్లో నా కోసం బల్ల ఖాళీ చేశారు. దాని మీద తెల్లకాగితాలు పరిచి నన్ను పెట్టారు. ఫ్యాను గాలికి జారిపోతానేమోనని కానిస్టేబులు ఫ్యాను కూడా తగ్గించాడు. నాంచారమ్మని నేల మీద కూర్చోబెట్టారు.

ఎంత ఎత్తున ఎగిరినా నాకెప్పుడూ కళ్లు తిరగలేదు. ఆ బల్ల మీద తిరిగాయి.

"ఇంకేం తీసుకెళ్లావు ఆ ఇంట్లోంచి?" అన్నాడు హెడ్డు.

"నేను తీసుకెళ్లలేదయ్యా. అమ్మగారే ఇచ్చింది. గిన్నెకి."

"జెండా ఇచ్చి గిన్నె తీసుకుందా? కాంట్రాక్టరుగారి భార్య?" అతను నవ్వాడు. "ఆవిణ్ణి ఫోన్లో అడిగారు ఆయన. నాకు తెలియదంది."

నాంచారమ్మ తలెత్తి చూసింది. అప్పటిదాకా ఆమెకి భయం ఒక్కటే ఉంది. ఆ మాటతో ఇంకేదో వచ్చి చేరింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

కాసేపటికి బయట కర్ర చప్పుడయింది. పోలమ్మ, ఇరుగుపొరుగు ఇద్దరి భుజాలు పట్టుకుని, అంత దూరమూ నడిచి వచ్చింది. వరండాలో చతికిలబడింది. పొమ్మంటే పోలేదు.

తర్వాత కారు వచ్చింది. రామబ్రహ్మంగారు, వెనక ఇందుమతి. ఆయన జేబుకి కాగితం జెండా అలాగే ఉంది. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. బల్ల మీద నన్ను చూసింది. నేల మీద నాంచారమ్మని చూసింది. నాంచారమ్మ ఆవిణ్ణి చూడలేదు. గోడకేసి చూస్తోంది.

"మనదే కదా, ఇందూ? ఒకసారి చూసి చెప్పు" అన్నారాయన. "నీ కుట్టే."

ఆవిడ దగ్గరికొచ్చి నా అంచు వేళ్లతో పట్టుకుంది. ఆ వేళ్లు నాకు తెలుసు. ఎన్నో సాయంత్రాలు నన్ను భుజం మీదికి దించిన వేళ్లు. ఇప్పుడు నీలం కుట్టు మీద ఆగాయి. నా ప్రాణమంతా ఆ అంచులోనే ఉంది. చెప్పమ్మా, చెప్పు, అని ఎంత కొట్టుకున్నానో. ఫ్యాను తగ్గించేశారు, కదలడానికి గాలి లేదు.

"మనదే" అంది ఆవిడ.

హెడ్డు తల పంకించాడు. రామబ్రహ్మంగారు ఊపిరి వదిలారు.

"మనదే గాని, ఈమె దొంగిలించలేదు. నేనే ఇచ్చాను."

"నువ్వా? ఎందుకు?"

"గిన్నెకి."

"ఏం గిన్నె?"

"పొద్దున పార్కులో మీరందరికీ బూందీ పంచారు కదండీ. ఆ గిన్నె."

కానిస్టేబులు దగ్గు వచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నాడు. రామబ్రహ్మంగారి చెయ్యి తెలియకుండానే జేబు మీది కాగితం జెండా మీదికి వెళ్లింది.

"నాకొక్క మాట చెప్పొద్దూ? ఫోన్లో అడిగితే తెలియదన్నావు!"

"భయమేసింది" అంది ఇందుమతి. ఆవిడ గొంతు ఇంకా సన్నగానే ఉంది, అయినా ఆగలేదు. "మీరు అరుస్తారని భయమేసింది. బీరువాలో అన్నేళ్లు పడుంటే అదేమైందని మీరు ఒక్కరోజూ అడగలేదు. ఇవాళ ఆ మిద్దె మీద కనబడేసరికి గుర్తొచ్చింది. ఈమె తీసుకోనని కూడా అంది. ఇది జెండా గదమ్మా, దీన్ని మసిగుడ్డకి ఎయ్యమంటావా అంది. నువ్వే ఎగరేసుకో అన్నాను. ఎగరేసుకుంది. ఇందులో ఆమె తప్పేముంది?"

హెడ్డు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "ముందే చెప్పుంటే ఇంతదాకా వచ్చేది కాదు కదమ్మా" అన్నాడు. నాంచారమ్మ ముందే చెప్పింది కదా, అని అతనికి ఎవరూ గుర్తు చెయ్యలేదు. బయట పొద్దు వాలిపోయింది. పొద్దు వాలితే జెండా దించాలని ఆ గదిలో అందరికీ తెలుసు. పొద్దు వాలాక ఆడమనిషిని స్టేషన్లో కూర్చోబెట్టకూడదన్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు, "సరే, నువ్వెళ్లమ్మా" అన్నాడు.

ఇందుమతి నన్ను రెండు చేతుల్లో ఎత్తి నాంచారమ్మ ముందుకి చాపింది. "తీసుకో నాంచారమ్మా. నీదే."

నాంచారమ్మ లేచి నిలబడి చీర కుచ్చిళ్లు దులుపుకుంది.

"నాకొద్దమ్మా."

"నన్ను క్షమించు..."

"నీ మీద కోపం గాదు. నాకొద్దు, అంతే." బయటికి నడిచింది. వరండాలో అత్తని లేవదీసి, ఆమె చెయ్యి తన భుజం మీద వేసుకుంది. వాళ్ల అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా విన్నాను.

రామబ్రహ్మంగారూ నన్ను తీసుకెళ్లలేదు. తీసుకెళ్లడానికి ఆయనకి ముఖం చెల్లలేదు. కారు వెళ్లిపోయింది. బల్ల మీద నేను మిగిలాను, ఏ ఇంటికీ చెందని ఇంటి జెండాను. ఎగరడానికి ఇల్లు కావాలి కదా. ఆ సంగతి మొదటిసారి తెలిసింది.

మర్నాడు పొద్దున మళ్లీ కర్ర చప్పుడు. ఈసారి ఒక్కతే.

"ఏం ముసలమ్మా?" అన్నాడు హెడ్డు.

"మా జెండా ఇయ్యి."

"మీ కోడలు వద్దందిగా!"

"అది దాని మాట. ఇల్లు నా పేరున ఉంది."

హెడ్డు లేచాడు. నన్ను ఆమె చేతుల్లో పెట్టాడు. ఆమె ముందుకి కుర్చీ జరిపాడు. ఆమె కుర్చీలో కూర్చోలేదు. నన్ను గుండెకి ఆనించుకుని, మెల్లగా, బజారు నడిమధ్య నుంచి, అందరూ చూస్తుండగా ఇంటికి తెచ్చింది.

నాంచారమ్మ నన్ను చూసి పొయ్యి దగ్గర నుంచి విసురుగా లేచింది.

"మళ్లీ ఎందుకు తెచ్చినావు దాన్ని? పడింది చాల్లేదా? అందరూ నెత్తిన బెట్టుకునే గుడ్డని మనం ముట్టుకుంటే మట్టుకు దొంగతనం. నేల మీద కూసోబెట్టినారు అత్తా నన్ను. దాన్నేమో బల్ల మీద బెట్టినారు."

పోలమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"సెటిల్మెంటులో హాజరు ఎత్తేసినారని చెప్పిన రోజున ఆపీసు మీద ఇదే జెండా గట్టినారు. సందేళ ఎవురూ పిలవలా. అయినా మా అమ్మ పోయి ఆ కంచె కాడ నిలబడింది. చీకటి పడేదాకా నిలబడింది. పిలిచేవోడు లేడే అని నేను చెయ్యి బట్టి లాగినా రాలా." ముసలామె నన్ను ఒళ్లో సర్దుకుంది. "నేను అట్టా నిలబడనని అప్పుడు అనుకున్నా. నిన్న నిలబడినా. ఇంక నువ్వు నిలబడమాక."

నాంచారమ్మ ఆమె ఒళ్లోంచి నన్ను లాగేసుకుంది. నన్ను రేకు పెట్టెలో పడేసి మూత వేసింది. తాళం మాత్రం వెయ్యలేదు.

ఆ పెట్టెలో గడిపిన నెలలు నా బతుకులో అన్నిటికంటే కష్టమైనవి. నాంచారమ్మ రైలు గేటు దాటి వెళ్లడం మానేసిందని ఇంట్లో మాటల్ని బట్టి తెలిసింది. కొత్త వీధుల్లో కేకేస్తే ఇంకా ఎవరూ పిలవడం లేదనీ తెలిసింది. బాలంకయ్య వచ్చాడు, కోపంతో ఊగిపోయాడు, తర్వాత ఏడ్చాడు, మళ్లీ పనికి వెళ్లిపోయాడు. నా మాట ఎవరూ ఎత్తలేదు. మూతకీ పెట్టెకీ మధ్య సందులో ఒక గాలి పోగు ఆడుతుండేది. పగలంతా దాన్నే పట్టుకుని ఉండేదాన్ని.

జనవరి వచ్చింది. బడి మైకు సరిచేస్తున్న చప్పుడు వినబడింది. నాంచారమ్మ ఆ పొద్దున గిన్నెల గంప ఎత్తుకోలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. పెట్టె మూత లేచింది. అవి పోలమ్మ వేళ్లు. నన్ను చంకలో పెట్టుకుని ముసలామె ఒక్కతే మెట్ల దగ్గరికి నడిచింది. చేతిగోడ లేని మెట్లు. కర్ర కింద వదిలేసింది. కూర్చుని, చేతులు ఆనించి, ఒక మెట్టు ఎక్కింది. ఇంకో మెట్టు. నా పైన ఆమె ఊపిరి కొలిమితిత్తిలా ఆడుతోంది. మూడో మెట్టు దగ్గర చెయ్యి జారింది.

లోపలినుంచి ఒక్క పరుగు. నాంచారమ్మ వచ్చి వెనక నుంచి పట్టేసుకుంది.

"సావాలని ఉందా నీకు?"

"జెండా కట్టాలని ఉంది."

నాంచారమ్మ రొప్పుతూ నిలబడింది. అత్త ముఖం చూసింది. నన్ను లాక్కుని, ముసలామెని నడుం పట్టి ఎత్తినట్టే ఎత్తుకుని, విసవిసా పైకి తీసుకెళ్లింది. వెదురు బొంగు మూలన ఎండి పడుంది. కడుతున్నంతసేపూ తిడుతూనే ఉంది. అత్తని తిట్టింది, హెడ్డుని తిట్టింది, కాంట్రాక్టరుని తిట్టింది, గిన్నెని తిట్టింది. ముడి మాత్రం గట్టిగా వేసింది. తాడు తనే లాగింది. కాషాయం పైకి, ఆకుపచ్చ కిందికి, సరిగ్గా శిఖరం దాకా వెళ్లాను.

ఆకు కదల్లేదు. గాలే లేదు.

అన్నాళ్లు ఎదురుచూసి, ఆ పొద్దున వెదురుకి అతుక్కుని తడిగుడ్డలా వేలాడాను. కింద సందులో పోయేవాళ్లు తలెత్తి చూస్తున్నారు. వాళ్లలో ఇందుమతి ఉంది. కారులో కాదు, నడిచి వచ్చింది. లోపలికి రాలేదు, పిలవలేదు. ఎండలో నిలబడి నా వంకే చూస్తోంది. నాంచారమ్మ ఆవిణ్ణి చూసింది. రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. కొంతసేపటికి, "ఎండ తగులుద్దమ్మా, ఆ గోడ నీడకి జరుగు" అని మాత్రం అంది. ఆవిడ జరిగింది. ఇంకాసేపు ఉండి, కళ్లొత్తుకుని వెళ్లిపోయింది.

"ఎగురుతుందా?" అంది పోలమ్మ.

"లేదత్తా. గాలి లేదు."

"రాకపోతే రానీ. పొద్దు వాలేదాకా మనదే గదా."

ఆ తర్వాత ఆ మిద్దె మీద నేను చాలా పండగలు చూశాను. గాలి బలంగా వీచిన పండగలూ ఉన్నాయి, పక్క మిద్దెల మీద కొత్త జెండాలు లేచి నాకు జతకూడిన పండగలూ ఉన్నాయి. రంగు వెలిసి ఇప్పుడు నేను విశ్రాంతికి దగ్గరపడ్డాను. అయినా నీకు గుర్తున్నదేది అని ఎవరైనా అడిగితే ఆ జనవరి రోజే చెబుతాను.

గాలి మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి వచ్చింది. అప్పటికి కింద సందు ఖాళీ. నేను ఒక్కసారిగా విచ్చుకుని ఇద్దరికీ చూపించుకోవాలని కిందికి చూశాను. పొద్దుటి నుంచి కాపలా కాసి అలిసిపోయి, అత్తా కోడళ్లిద్దరూ స్లాబు మీద గోనెపట్టా పరుచుకుని, వెదురు మొదట్లో నిద్రపోతున్నారు. ముసలామె చెయ్యి కోడలి మెడ మీద ఉంది. నా నీడ వాళ్ల ముఖాల మీదికి వస్తోంది, పోతోంది, మళ్లీ వస్తోంది.